కొలోన్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

జర్మనీలోని కొలోన్ నగరం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పేర్లన్నీ ఉన్నాయి గానీ ఊరు కనిపించలేదు. చర్చి, వంతెన, రైన్ నది, కార్నివాల్ అనే ఊరేగింపుల పండుగ వరసగా వచ్చి వెళ్ళిపోయాయి, ప్రతిదాని పక్కనా ఒక ‘అద్భుతం’. ఆ మాట ఉన్న ప్రతిచోటా కొట్టేసి, అక్కడ ఏం జరుగుతుందో రాయి.

‘కోల్ష్ అనే బీరు ప్రసిద్ధి’ అని ఒక్క ముక్కతో వదిలేశావు. ఊరి స్వభావం పట్టుబడేది అక్కడే. కోల్ష్ 200 మిల్లీలీటర్ల సన్నటి, నిలువు గ్లాసులో వస్తుంది. పెద్ద గ్లాసైతే సగం తాగేలోపే చల్లదనం, నురగ రెండూ పోతాయి, అందుకే అంత చిన్నది. పాత బీరుశాలల్లో వడ్డించే మనిషిని ‘కోబెస్’ అంటారు. నడుమ పిడి ఉన్న గుండ్రటి పళ్ళెంలో గ్లాసులు పేర్చుకుని తిరుగుతుంటాడు. గ్లాసు ఖాళీ అయితే చాలు, అడక్కుండానే ఇంకోటి పెట్టి, కింద ఉన్న అట్టబిళ్ళ మీద పెన్సిలుతో ఒక గీత గీస్తాడు. వద్దనుకుంటే ఆ బిళ్ళను గ్లాసు మీద మూతలా పెట్టాలి. ఈ సంగతి తెలియక ఖాళీ గ్లాసు ముందు ఊరికే కూర్చుంటే గీతలు పెరుగుతూనే ఉంటాయి. లేచేటప్పుడు వాటిని లెక్కపెట్టి డబ్బు తీసుకుంటాడు. ఈ అట్టబిళ్ళకి ఒక పేరా ఇవ్వు.

తిండి దగ్గర పెద్ద తప్పు చేశావు, ‘హాల్వె హాన్’ని కోడి వంటకం అనుకున్నావు. ‘హాల్వె హాన్’ అంటే మాటకి మాట సగం కోడిపుంజే. బల్ల మీదికి వచ్చేది మాత్రం రై పిండి బన్ను, మందంగా కోసిన గౌడా చీజు, ఆవపిండి ముద్ద, ఉల్లిపాయ. మన శాకాహారులు నిశ్చింతగా తినొచ్చు. వాళ్ళు జాగ్రత్తపడాల్సింది ‘హిమ్మెల్ ఉన్ ఏడ్’ దగ్గర. ఆకాశం, నేల అని అర్థం: చెట్టు మీది ఆపిల్, మట్టిలోని బంగాళాదుంప. పేరు ఎంత సాధువుగా ఉన్నా, ఆ రెండూ కలిపిన ముద్దతో పాటు వేయించిన రక్తపు సాసేజ్ ముక్కలు వస్తాయి. నిఘంటువు చూసి వంటకం గురించి రాయకు.

చర్చి గోడలు రెండో ప్రపంచ యుద్ధపు మంటల్లో నల్లబడ్డాయన్నావు. కాదు. పొగలో ఉండే గంధకం వానతో కలిసి ఆమ్లమై ఇసుకరాయిని దశాబ్దాల తరబడి నల్లబరిచింది. బాంబులు పడ్డ మాట నిజమే, కట్టడం మాత్రం నిలబడింది. 1248లో మొదలై 1880లో పూర్తయిందని రాశావు, నడుమ ఏమైందో రాయలేదు. 16వ శతాబ్దంలో పని ఆగిపోయింది. సగం లేచిన దక్షిణ గోపురం మీద రాళ్ళెత్తే చెక్క క్రేను అలాగే మిగిలి, దాదాపు 400 ఏళ్ళు ఊరికి గుర్తుగా నిలిచింది. 157 మీటర్ల ఎత్తు కన్నా ఆ క్రేనే పాఠకుడికి గుర్తుంటుంది. గోపురం ఎక్కడానికి 533 మెట్లు, లిఫ్టు లేదు. పెద్దవాళ్ళని వెంటబెట్టుకెళ్ళేవాళ్ళకి ఇది మొదటి వాక్యంలోనే చెప్పాలి.

వంతెన కంచెకి వేలాడే ప్రేమ తాళాల గురించి ఒక్క వాక్యం చాలు. మిగిలిన చోటు సెంటుకివ్వు. జ్వరమొస్తే తడిగుడ్డ మీద చల్లి నుదుటిన వేసే ఓడికొలోన్ మన పాత ఇళ్ళకి తెలిసిందే. ‘కొలోన్ నీళ్ళు’ అని దానర్థం, ఆ వ్యాపారం మొదలుపెట్టిన ఫరీనా సంస్థ 1709లో ఈ ఊళ్ళోనే పుట్టింది.

కార్నివాల్ ‘ఫిబ్రవరిలో’ అని రాయకు. తేదీ ఈస్టర్‌ని బట్టి మారుతుంది. పెద్ద ఊరేగింపు జరిగే సోమవారం ఈస్టర్ ఆదివారానికి 48 రోజుల ముందు వస్తుంది, ఒక్కోసారి మార్చిలో కూడా. అంతకు ముందు గురువారం ఆడవాళ్ళది, ఆ రోజు మగవాళ్ళ టైలు కత్తిరిస్తారు. కొలోన్‌లో అరిచే కేక ‘అలాఫ్’. నువ్వు రాసిన ‘హెలావ్’ పొరుగున ఉన్న డ్యుసెల్‌డార్ఫ్‌ది. ఆ రెండూళ్ళకీ పాత పోటీ, కాబట్టి పంపేముందు ఆ ఒక్క మాటా తప్పకుండా మార్చు.

ఆశీస్సులతో,
అన్నయ్య