సి లైబ్రరీని ప్యాకేజీలోనే కలపండి, కుదరకపోతే ఎర్రర్ ఇచ్చి ఆగిపోండి

మీ ప్రశ్న ఇది: "నా పైథాన్ మాడ్యూల్‌కి ఒక సి లైబ్రరీ కావాలి. దాన్ని వీల్‌లోనే పెట్టి ఇవ్వాలా, వాడేవాళ్ళనే ఇన్‌స్టాల్ చేసుకోమని రీడ్‌మీలో రాస్తే సరిపోతుందా?"

కలిపేయండి. (వీల్ అంటే నేరుగా ఇన్‌స్టాల్ చేసుకునేలా ముందే కట్టి ఉంచిన పైథాన్ ప్యాకేజీ ఫైల్.) ఏ కారణం చేతనైనా కలపలేకపోతే, ఆ లైబ్రరీ దొరకనప్పుడు మీ మాడ్యూల్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలి. అది లేకపోయినా ఎలాగోలా నడిచిపోయేలా మాత్రం దయచేసి రాయకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

మా అక్క ఒక ఊళ్ళో హైస్కూల్లో తెలుగు టీచర్. వార్షికోత్సవానికి 340 మంది పిల్లలకి ప్రశంసాపత్రాలు కావాలంది, పేర్లన్నీ తెలుగులో. బొమ్మలు గీసే పైథాన్ మాడ్యూల్ పిల్లో వాడి చిన్న స్క్రిప్ట్ రాశాను. ఎక్సెల్ నుంచి పేరు తీసుకుని పత్రం మీద అచ్చేస్తుంది. నా ఉబుంటు ల్యాప్‌టాప్‌లో ఓ ఇరవై పేర్లు చూశాను, ముత్యాల్లా వచ్చాయి. తప్పులుంటే టీచర్లే దిద్దుకుంటారు కదా అని దాన్ని వెబ్ పేజీగా మార్చి, డాకర్ కంటైనర్‌గా, అవసరమైనవే ఉండే చిన్న లినక్స్ (స్లిమ్ ఇమేజ్) మీద సర్వర్‌లో పెట్టాను. అదే పిల్లో వెర్షన్, అదే ఫాంట్ ఫైల్. ఎర్రర్ రాలేదు. లాగ్‌లో చిన్న హెచ్చరిక కూడా లేదు.

అక్క టౌన్‌కి వెళ్ళి, మందపాటి కాగితం మీద అన్నీ కలర్ ప్రింట్ తీయించింది. సాయంత్రం ఫోన్ చేసి, "ఒరేయ్ తమ్ముడూ, ఒత్తులన్నీ ఊడిపోయాయిరా" అంది. ఫోటో చూశాను. లక్ష్మి కాస్తా "లక్‌ష్‌మి" అయింది, కృష్ణ "కృష్‌ణ" అయ్యాడు. ఒత్తు లేని పేర్లు మాత్రం బాగానే ఉన్నాయి. ఇంట్లో గోడకి తగిలించుకునే కాగితం మీద పిల్ల పేరే తప్పుగా ఉంటే ఆ తల్లిదండ్రులకి ఎలా ఉంటుంది? అదీ తెలుగు టీచర్ చేతి మీదుగా ఇచ్చేది. ఫంక్షన్‌కి ఇక రెండు రోజులే ఉంది.

ఆ రాత్రి మొదట ఫాంట్‌ని అనుమానించి రెండు ఫాంట్లు మార్చాను. లాభం లేదు. ఒంటిగంటకి, పిల్లోలో ఏయే సౌకర్యాలు పనిచేస్తున్నాయో రెండు చోట్లా ప్రింట్ చేసి చూస్తే దొంగ దొరికాడు. రక్మ్ అనే అక్షరాలు కూర్చే సి లైబ్రరీ ల్యాప్‌టాప్‌లో ఉంది, సర్వర్‌లో లేదు.

అసలు సంగతి ఇదీ. రక్మ్ ఉంటే పిల్లో, అక్షరాల ఆకారాలు కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ సాయంతో ఒత్తుల్ని వాటి చోట్లో పెడుతుంది. లేకపోతే ఒక్కో అక్షరం కోడ్‌కి ఒక్కో బొమ్మ తీసి వరసగా పేర్చేస్తుంది. ఇంగ్లీషుకి అది చాలు, తెలుగుకి చాలదు. పిల్లో 8.2.0 నుంచి వీల్స్‌లోనే రక్మ్ వస్తోంది. కానీ రక్మ్‌కి కావలసిన ఫ్రిబిడి అనే ఇంకో లైబ్రరీ రాదు. దాన్ని నడిచేటప్పుడు మెషీన్‌లో వెతుక్కుంటుంది. ఫ్రిబిడి పని అరబిక్, హీబ్రూ లాంటి కుడి నుంచి ఎడమకి రాసే లిపులకి దిశ చూడటం. తెలుగుకి దాని అవసరమే లేదు, అయినా అది దొరకకపోతే రక్మ్ మొత్తం పనిచేయదు. ఉబుంటు డెస్క్‌టాప్‌లో అక్షరాలు చూపించే పాంగో లైబ్రరీ కోసం అది ఎలాగూ ఉంటుంది. స్లిమ్ ఇమేజ్‌లో నాకు దొరకలేదు. ఇదంతా పిల్లో డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. కానీ ల్యాప్‌టాప్‌లో చక్కగా పనిచేస్తున్నప్పుడు ఆ పేజీ ఎవరు తెరుస్తారు చెప్పండి?

డాకర్‌ఫైల్‌లో లిబ్‌ఫ్రిబిడి0 అని ఒక్క ప్యాకేజీ చేర్చాను, అంతే. పొద్దున్నే మళ్ళీ అన్నీ ప్రింట్ తీయించాం, డబ్బు నేనే కట్టాను.

ఇంకో బాధ కూడా చెప్పనివ్వండి. "మాది యూనికోడ్ సపోర్ట్ చేస్తుంది" అని రాసుకునే చాలా మాడ్యూల్స్‌ని ఇంగ్లీషు పేర్లతోనే పరీక్షిస్తారు. అక్షరాలు దాచుకోవడం వేరు, వాటిని సరిగ్గా అచ్చేయడం వేరు. టెస్టుల్లో ఒక్క "లక్ష్మి" పెడితే ఎంత మేలో!

మీ విషయానికొస్తే, వీల్‌ని మీ ల్యాప్‌టాప్‌లో కట్టకండి. ఉబుంటు 20.04లో కట్టిన మాడ్యూల్, సి కోడ్‌లో ఘాతాలు లెక్కించే ఒక్క పౌ (pow) ఫంక్షన్ పిలిచినా, లినక్స్‌లోని మూల సి లైబ్రరీ గ్లిబ్‌సీ 2.29 కావాలంటుంది. పాత లినక్స్ సెంటాస్ 7లో ఉన్నది 2.17, అక్కడ అది లోడే అవ్వదు. అందుకే పాత లినక్స్‌లలో కూడా నడిచే వీల్స్ కట్టడానికి ఉన్న మెనీలినక్స్ కంటైనర్‌లో కట్టి, వీల్స్‌ని సరిచేసే ఆడిట్‌వీల్ అనే పనిముట్టుతో రిపేర్ ఆదేశం నడపండి. మీ సి లైబ్రరీని అది పేరు మార్చి వీల్ లోపల పెట్టేస్తుంది, సిస్టమ్‌లో ఉన్నదానితో గొడవ పడకుండా.

కలిపితే భద్రతా లోపాల సంగతేంటి అని అడుగుతారు. నిజమే, బాధ్యత మీ నెత్తిన పడుతుంది. 2023 సెప్టెంబరులో, వెబ్‌పీ బొమ్మలు చదివే సి లైబ్రరీ లిబ్‌వెబ్‌పీలో పెద్ద లోపం బయటపడితే, పిల్లో వాళ్ళు అదే నెలలో కొత్త లిబ్‌వెబ్‌పీతో 10.0.1 విడుదల చేశారు. మీరూ అలా వెంటనే చేయగలగాలి. అయినా నా ఓటు కలపడానికే. రీడ్‌మీలో రాసింది చదివి, సరైన వెర్షన్ వెతికి పెట్టుకునేవాళ్ళు పదిమందిలో ఒక్కరు కూడా ఉండరు.

లైసెన్స్ వల్ల కలపడం కుదరకపోతే ఇంపోర్ట్ దగ్గరే ఎర్రర్ ఇవ్వండి, ఏ ప్యాకేజీ పెట్టుకోవాలో ఆ సందేశంలోనే పేరుతో సహా రాయండి. నేనిప్పుడు పిల్లోతో అక్షరాలు గీసే ప్రతిచోటా భాష "te" అని ఇస్తున్నాను. అలా ఇస్తే, రక్మ్ లేనప్పుడు పిల్లో తప్పుగా గీయకుండా ఎర్రర్ ఇస్తుంది. డాకర్ బిల్డ్ చివర "లక్ష్మి" అని ఒకసారి గీయిస్తాను. అది రాకపోతే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది.