చైనా భాషా కేంద్రంలో ఎవరు ఎవరి ఉద్యోగి?

ప్రశ్న: మా అమ్మాయి విదేశంలో చదువుకుంటూ, తమ విశ్వవిద్యాలయంలోనే ఉన్న చైనా భాషా సాంస్కృతిక కేంద్రంలో చేరింది. ఆ కేంద్రం సిబ్బంది పట్టికలో ఇద్దరు డైరెక్టర్లు, ఒక సమన్వయకర్త, కొందరు అతిథి అధ్యాపకులు, కొందరు స్వచ్ఛంద అధ్యాపకులు కనిపించారు. అంత చిన్న కేంద్రానికి ఇద్దరు డైరెక్టర్లు ఎందుకు? వీరంతా విశ్వవిద్యాలయ ఉద్యోగులేనా? ఈ కేంద్రాల గురించి వచ్చే విమర్శలను చూసి నేను కంగారు పడాలా?

జవాబు: మీరు రాసిన పదవులను బట్టి అది కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్ తరహా కేంద్రమై ఉండాలి. వీటిలో మొదటిది 2004లో దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ప్రారంభమైంది. ఒక దశలో వీటి సంఖ్య ప్రపంచవ్యాప్తంగా 500 దాటింది. ప్రతి కేంద్రమూ సాధారణంగా రెండు విశ్వవిద్యాలయాల ఒప్పందంతో ఏర్పడుతుంది. చోటు ఇచ్చేది ఒకటి, చైనాలో ఉండే భాగస్వామి మరొకటి. రెండు పక్షాలూ చెరొక డైరెక్టరును నియమించడం వల్లనే మీకు ఇద్దరు కనిపించారు. స్థానిక డైరెక్టరు చాలా చోట్ల అదే విశ్వవిద్యాలయంలో జీతం తీసుకునే ఆచార్యుడో, పాలనాధికారో అయి ఉంటారు. తరగతి గదులు, బడ్జెట్టు, ఇతర శాఖలతో సంప్రదింపులు వారి బాధ్యత. చైనా డైరెక్టరు భాగస్వామి విశ్వవిద్యాలయం నుంచి డెప్యుటేషన్‌పై వచ్చినవారు. తమ దేశం నుంచి వచ్చిన అధ్యాపకుల బాగోగులు చూడటం, అక్కడికి నివేదికలు పంపడం వారి వంతు. ఇద్దరిపైనా ఒక సంయుక్త పాలక మండలి ఉంటుంది. ఆచరణలో కేంద్రం సాఫీగా నడిచేది మండలి సమావేశాల వల్ల కాదు, రెండు పక్షాల మధ్య రోజూ తిరిగే సమన్వయకర్త వల్లనే అని నా అభిప్రాయం.

కనుక అందరూ విశ్వవిద్యాలయ ఉద్యోగులు కారు. అతిథి అధ్యాపకులలో చాలామంది చైనాలోని విశ్వవిద్యాలయాలలోనో, పాఠశాలలలోనో ఉద్యోగం ఉన్నవారు. వారి జీతం, ప్రయాణ ఖర్చులు సాధారణంగా చైనా పక్షమే భరిస్తుంది. ఈ ఏర్పాటును మొదట చైనా విద్యాశాఖకు అనుబంధమైన హాన్‌బాన్ అనే సంస్థ నడిపేది. 2020లో ఇన్‌స్టిట్యూట్ల బాధ్యతను ఒక ఫౌండేషన్‌కు అప్పగించి, హాన్‌బాన్ స్థానంలో భాషా విద్యా సహకార కేంద్రాన్ని ఏర్పాటు చేశారు.

విమర్శలన్నీ ఈ ద్వంద్వ యాజమాన్యం చుట్టూనే తిరుగుతాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2013లో తన కేంద్రాన్ని మూసివేయడానికి కారణం సిలబస్ కాదు, అధ్యాపకుల నియామకం. చైనాలో నిషేధించిన ఫాలున్ గాంగ్ అనే ఆధ్యాత్మిక ఉద్యమం అనుయాయులను పనిలోకి తీసుకోరాదన్న షరతు చైనా పక్షపు ఒప్పందంలో ఉందని అక్కడ పనిచేసిన ఒక అధ్యాపకురాలు ఫిర్యాదు చేయగా, అటువంటి నియామక పద్ధతి తమ విలువలకు సరిపడదని విశ్వవిద్యాలయం నిర్ణయించింది. మరుసటి ఏడాది అమెరికాలో షికాగో, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయాలు కూడా ఒప్పందాలను కొనసాగించలేదు. 2019లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 90 ఒప్పందాలను పరిశీలించింది. పాఠ్యాంశాలపై అధికారం తమదేనని అది సంప్రదించిన విశ్వవిద్యాలయాల అధికారులు చెప్పినప్పటికీ, చైనాకు సున్నితమైన విషయాలపై కార్యక్రమాలు జరపడానికి ఇటువంటి కేంద్రాలున్న చోట వెనుకాడే అవకాశం ఉందని కొందరు పరిశోధకులు దాని ముందు ఆందోళన వెలిబుచ్చారు. ఇటువంటి కేంద్రాలున్న విశ్వవిద్యాలయాలకు ఇచ్చే రక్షణ శాఖ భాషా నిధులపై అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) పెట్టిన ఆంక్షల తరువాత ఆ దేశంలో ఈ కేంద్రాలు దాదాపు అన్నీ మూతపడ్డాయి.

మీ అమ్మాయి విషయంలో కంగారు పడనవసరం లేదు. అయితే ఒక సంగతి మాత్రం కనుక్కోమనండి: ఆమె తీసుకున్నది డిగ్రీకి క్రెడిట్లు ఇచ్చే కోర్సా, లేక కేంద్రం విడిగా నడిపే తరగతా? క్రెడిట్ కోర్సు అయితే సిలబస్‌ను ఆమోదించేది, మార్కులకు బాధ్యత వహించేది విశ్వవిద్యాలయ శాఖ కావాలి. ఏదైనా తేడా వస్తే ఫిర్యాదు కూడా ఆ శాఖకే చేయాలి. లిపి లేఖనం, తైచీ, కాగితపు కత్తిరింపు కళ వంటి తరగతులకు ఇంత విచారణ అక్కరలేదు. తైవాన్, టిబెట్ వంటి విషయాలను భాష నేర్పే అతిథి అధ్యాపకుల దగ్గర కాకుండా, చరిత్ర లేదా రాజనీతి శాఖలో చదవడం మేలు. వారిలో చాలామంది మంచి భాషాధ్యాపకులే కానీ, స్వదేశంలోని ఉద్యోగాన్ని దృష్టిలో పెట్టుకొని మాట్లాడవలసి వచ్చేవారిని ఇరకాటంలో పెట్టడం న్యాయం కాదు.

ప్రశ్న: మా అబ్బాయికి చైనా భాష నేర్పే టీచరు ఏడాది తిరిగేసరికి మారిపోయారు. ఇది సహజమేనా?

జవాబు: సహజమే. స్వచ్ఛంద అధ్యాపకులు ఎక్కువగా అప్పుడే పట్టా పుచ్చుకున్న యువతీయువకులు, లేదా స్నాతకోత్తర విద్యార్థులు. వారి గడువు మామూలుగా ఒక విద్యాసంవత్సరం, అవసరాన్ని బట్టి పొడిగిస్తారు. అతిథి అధ్యాపకుల గడువు సాధారణంగా రెండేళ్లు. ఈ మార్పిడి వల్ల నష్టపోయేది విద్యార్థులే. ప్రతి కొత్త టీచరూ ఉచ్చారణ పాఠాలు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. ఏ పుస్తకంలో ఏ పాఠం దాకా వచ్చారో, ఏ అక్షరాలు నేర్చుకున్నారో రాసిపెట్టి, కొత్త టీచరుకు మొదటి వారంలోనే చూపించమనండి.

ప్రశ్న: నేను చైనీయురాలిని కాను. చైనా భాషలో స్నాతకోత్తర పట్టా ఉంది. ఇటువంటి కేంద్రంలో ఉద్యోగం దొరుకుతుందా?

జవాబు: చైనా నుంచి పంపే పదవులు మీకు రావు కానీ, స్థానిక అధ్యాపకులు, సమన్వయకర్తల పదవులకు దరఖాస్తు చేయవచ్చు. వాటికి నియామక పత్రం ఇచ్చేది సాధారణంగా ఆతిథ్య విశ్వవిద్యాలయమే కాబట్టి ఆ దేశంలో పనిచేసే అనుమతి ముందుగా చూసుకోండి. భాషాస్థాయికి హెచ్‌ఎస్‌కె అనే చైనా భాషా ప్రావీణ్య పరీక్ష ప్రమాణం. ఆరు స్థాయిల పద్ధతిలో ఐదవ స్థాయికి 2,500, ఆరవ స్థాయికి 5,000 పదాలు తెలియాలి. 2021లో చైనా తొమ్మిది స్థాయిల కొత్త ప్రమాణాన్ని ప్రకటించింది. భాష రావడం వేరు, బోధించడం వేరు కనుక అంతర్జాతీయ చైనా భాషాధ్యాపకుల ధ్రువపత్రానికి కూడా ప్రయత్నించండి. దానికి రాతపరీక్ష, ఇంటర్వ్యూ రెండూ ఉంటాయి. విదేశీయులకు చైనా భాష బోధించడంలో ప్రత్యేక స్నాతకోత్తర కోర్సును చైనా విశ్వవిద్యాలయాలు 2007 నుంచి నిర్వహిస్తున్నాయి, దానికి ఉపకార వేతనాలు కూడా ఉన్నాయి. ఉద్యోగం వచ్చాక సంతకం చేసే ముందు, మీ పనితీరును ఏ డైరెక్టరు అంచనా వేస్తారో, కేంద్రం మూతపడితే మిమ్మల్ని భాషా శాఖలోకి తీసుకుంటారో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.