మన సముద్రంలో సూర్యుడు అస్తమించడు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో పంపిన అయిదు బొమ్మలూ చూశాను. అత్తయ్యకూ చూపించాను. నీటిరంగులు నీ మాట వింటున్నాయి. నురగ కోసం తెల్లరంగు పులమకుండా కాగితాన్నే తెల్లగా వదిలేశావు. ఆ ఓపిక నాకు నీ వయసులో లేదు.

అయితే మూడో బొమ్మ దగ్గర ఆగిపోయాను. కింద ‘భీమిలి, సాయంత్రం’ అని రాశావు. పైన నీళ్లలో సగం మునిగిన సూర్యుడు, ఒడ్డు దాకా బంగారు దారి. అమ్మాయీ, భీమిలిలో సూర్యుడు ఏనాడూ సముద్రంలో మునగలేదు. మన తీరం తూర్పుకు తెరుచుకుని ఉంది. పొద్దు కుంకేది మన వెనక, కొండల అవతల. నువ్వు వేసింది గోవా సాయంత్రం, లేదా ఏ కాలెండర్లోనో చూసిన సాయంత్రం. చెయ్యి బాగానే పనిచేసింది కానీ కళ్లు భీమిలి రాలేదు. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క సంగతి గురించే.

తూర్పు తీరంలో ఉన్నవాడికి రోజు తలకిందులుగా నడుస్తుంది. పొద్దున్నే సముద్రం వైపు కూర్చుంటే వెలుతురు నేరుగా కళ్లలో కొడుతుంది. పడవలు, మనుషులు, రాళ్లు అన్నీ నల్లటి నీడబొమ్మలవుతాయి, నీరు వెండిరేకులా మెరుస్తుంది. అది వెయ్యదగిన దృశ్యమే కానీ అందులో రంగు తక్కువ. కాబట్టి ఉదయం ఏడు దాటాక సముద్రానికి వీపు పెట్టు. ఆ వేళ కొండల మీద, తాటితోపుల మీద, ఊరి పెంకుటిళ్ల మీద వెలుగు ఎదురుగా పడుతుంది. మధ్యాహ్నం మూడు తరవాత తిరిగి కూర్చో. ఇప్పుడు సూర్యుడు నీ వెనక ఉన్నాడు, సముద్రం అసలు రంగు చూపిస్తుంది: దూరాన ముదురు నీలం, మధ్యలో ఆకుపచ్చ కలిసిన నీలం, ఒడ్డు దగ్గర ఇసుక కలిసి మట్టిరంగు.

సాయంత్రం బొమ్మే కావాలంటే, పొద్దు కుంకాక లేచిపోకు. అందరూ కొండల వైపు చూసి ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. నువ్వు తూర్పుకే చూడు. నీటిగీతకు కొంచెం పైన గులాబీ రంగు పట్టీ ఒకటి కనిపిస్తుంది, దాని కింద బూడిద కలిసిన నీలం. ఆ నీలం మబ్బు కాదు, భూమి నీడ. గాలి మీద పడిన మన భూమి నీడ మెల్లగా పైకి లేస్తూ గులాబీని మింగేస్తుంది. పదిహేను, ఇరవై నిమిషాల భాగోతం. పశ్చిమ తీరం వాళ్లకు సాయంత్రం పూట ఇది సముద్రం మీద దొరకదు, వాళ్ల తూర్పున కొండలూ చెట్లూ అడ్డు. పున్నమి నాడయితే సరిగ్గా ఆ వేళకే చంద్రుడు నీళ్లలోంచి లేస్తాడు. నీ బంగారు దారి అప్పుడు వేసుకో, ఎవరూ కాదనరు.

ఇక ఇసుక. అయిదు బొమ్మల్లోనూ ఎల్లో ఓకర్, అదే మట్టి పసుపు రంగు, పూసేశావు. భీమిలి ఇసుక అంత పసుపుగా ఉండదు. అందులో ఇల్మెనైట్ అనే ఖనిజం నల్లరేణువులు, గార్నెట్ అనే ఖనిజం ఎర్రరేణువులు కలిసి ఉంటాయి. అల వెనక్కి వెళ్లేటప్పుడు తేలిక ఇసుకను లాక్కుపోయి బరువైన వీటిని చారలుగా వదిలేస్తుంది. దగ్గరగా వంగి చూడు, నల్లచార పక్కనే వంకాయ రంగు చార ఉంటుంది. అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగు కలిపితే వచ్చే బూడిదరంగు నీ పెట్టెలోనే ఉంది, ఇంకేమీ కొనక్కర్లేదు. తడి ఇసుక మాత్రం ఇసుక రంగులో ఉండదు, అది ఆకాశం రంగులో ఉంటుంది. చాలామంది అక్కడే తప్పుతారు.

విశాఖ నుంచి భీమిలి వచ్చే దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూశావు కదా. ఇనుము తుప్పు పట్టి ఎర్రబారిన ఇసుక అది. వాన ఆ దిబ్బలను కోసి లోతైన సందులు చేసింది. అక్కడ నీడల్లో నలుపు వాడావంటే బొమ్మ చచ్చిపోతుంది. ఒక గోడ మీద పడిన ఎండ ఎదుటి గోడ మీదికి ఎగిరి పడుతుంది. అందుకే నీడ కూడా ఎర్రగా, వేడిగా ఉంటుంది. ఆకాశం కేసి తిరిగిన అంచుల మీద మాత్రం కాస్త నీలం వాలుతుంది. ఆ మట్టి తెచ్చుకుని రంగు నూరుకుందామని నీకు తప్పకుండా అనిపిస్తుంది, నాకూ అనిపించింది. పిడికెడు కూడా తేకు. తవ్విన చోట దిబ్బ మళ్లీ పెరగదు.

పడవల గురించి ఒక పాత అవమానం చెబుతాను. నలభై ఏళ్ల కిందట ఒడ్డున కూర్చుని అలల్లోకి దిగుతున్న పడవ వేశాను. అందంగా ఉంటుందని పడవను అలకు అడ్డంగా పెట్టాను. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు వెనక నిలబడి చాలాసేపు చూసి, “బాబూ, ఇందులో ఎవరూ లేరు కదా?” అని అడిగారు. లేరన్నాను. “మంచిది. ఉంటే మునిగిపోయేవాళ్లు” అన్నారు. పడవ ముక్కు అలకు ఎదురుగా ఉండాలి, అడ్డం తిరిగితే బోల్తా. ఆ రోజు నుంచి ప్రతి పడవ బొమ్మా ముందు మత్స్యకారులకే చూపిస్తున్నాను. విమర్శకులు దేనికి!

వాళ్లను వేసేటప్పుడు అడిగి కూర్చో. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. అప్పుడు పడవలు ఒడ్డున కదలకుండా ఉంటాయి, గీత నేర్చుకోవడానికి అంతకంటే మంచి కాలం లేదు. వాళ్లకు మాత్రం అది చేతిలో డబ్బు ఆడని కాలం. అది గుర్తు పెట్టుకుని మాట్లాడు.

సామాను విషయం త్వరగా ముగిస్తాను. గొడుగు నల్లదో బూడిదరంగుదో తెచ్చుకో. ఎర్రగొడుగు కింద కూర్చుంటే కాగితమంతా ఎర్రబడి నీ రంగులన్నీ అబద్ధం చెబుతాయి. కాగితం మీద నేరుగా ఎండ పడనివ్వకు, ఇంటికెళ్లాక బొమ్మ నల్లగా కనిపిస్తుంది. కుంచెలు సముద్రపు నీళ్లలో ముంచకు. వేసిన బొమ్మల మధ్య వెన్నకాగితం పెట్టి గాలి ఆడే చోట ఉంచు. నేను ఒక వానాకాలం ట్రంకు పెట్టెలో మూసి పెట్టాను. తెరిచేసరికి ముప్ఫై బొమ్మల మీద బూజు ముత్యాల్లా మొలిచింది. ఒక్కటీ దక్కలేదు.

హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు వీలైతే రాజమండ్రిలో ఒక పూట దిగు. చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరిట ఉన్న ఆర్ట్ గ్యాలరీ అక్కడే ఉంది. 1897లో పుట్టి 1925లోనే మశూచితో పోయారు. బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలులో చదివి తిరిగి ఆ గోదావరి గట్టుకే వచ్చారు. ఆయన పురాణ చిత్రాల ముందు అందరూ నిలబడతారు. నువ్వు ప్రకృతి దృశ్యాల దగ్గర ఎక్కువసేపు ఉండు. నీరు ఎక్కడ వదిలేశారో, ఎక్కడ గీశారో చూడు. ఫొటోలు తియ్యకు, చిన్న పుస్తకంలో పెన్సిలుతో గీసుకో.

కార్తీక పున్నమికి రా. గోస్తని నది సముద్రంలో కలిసే చోట కూర్చుందాం. నీళ్ల డబ్బా, మడత కుర్చీ నువ్వే మోయాలి, నా మోకాళ్లు ఇసుకలో నడవనంటున్నాయి. ఆ మూడో బొమ్మ కూడా తీసుకురా. పారేయొద్దు, కింద ఊరి పేరు మార్చేద్దాం.

నీ మామయ్య