రూ.2,900 కోట్ల జట్టు నాలుగో స్థానంలో ఎందుకు మిగిలింది?

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి న్యూయార్క్ మెట్స్ అనే బేస్‌బాల్ జట్టంటే ప్రాణం. 2023లో ఆ జట్టు అంతకుముందు ఎవరూ పెట్టనంత డబ్బు ఆటగాళ్ళ జీతాలకు పెట్టిందనీ, అయినా ప్లేఆఫ్స్‌కు కూడా చేరలేదనీ ఫోన్‌లో ఇప్పటికీ వాపోతుంటాడు. ఉప్పల్‌లో సన్‌రైజర్స్ మ్యాచ్‌లు చూసేవాణ్ణి కనుక ఖరీదైన ఆటగాడు విఫలం కావడం నాకు వింత కాదు. కానీ జట్టు జట్టే కూలిపోవడానికి అసలు కారణం ఏమిటి? బేస్‌బాల్ నియమాలు నాకు అంతగా తెలియవు. – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: మీ అబ్బాయి చెప్పినది నిజమే. 2023 సీజన్ ఆరంభానికి మెట్స్ జీతాల పద్దు 35 కోట్ల డాలర్లు దాటింది. అప్పటి మారకపు విలువలో అది దాదాపు 2,900 కోట్ల రూపాయలు. ఆ సీజన్‌లో జట్టు 75 మ్యాచ్‌లు గెలిచి, 87 ఓడి, అయిదు జట్ల విభాగంలో నాలుగో స్థానంలో నిలిచింది. ఇదే జట్టు అంతకు ముందటి ఏడాది 101 మ్యాచ్‌లు గెలిచిందన్న సంగతి కూడా తెలిస్తేనే మీ అబ్బాయి బాధ పూర్తిగా అర్థమవుతుంది.

డబ్బు ఎక్కువైందా తక్కువైందా అన్నది పక్కన పెట్టి, అది ఎవరి మీద పెట్టారో చూడాలి. బేస్‌బాల్‌లో బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. మ్యాచ్ మొదలుపెట్టే పిచర్ ఒకరోజు ఆడితే మళ్ళీ నాలుగైదు రోజుల విశ్రాంతి తర్వాత గాని బరిలోకి దిగడు. అందువల్ల ఎంత గొప్పవాడైనా 162 మ్యాచ్‌ల సీజన్‌లో ముప్పై పైచిలుకు మ్యాచ్‌లకు మించి ఉపయోగపడడు. మెట్స్ యజమాని స్టీవ్ కోహెన్ అటువంటి ఇద్దరికి, మాక్స్ షెర్జర్‌కూ జస్టిన్ వెర్లాండర్‌కూ, ఏడాదికి చెరి 4.33 కోట్ల డాలర్ల చొప్పున ఒప్పందాలు రాసిచ్చారు. ఇద్దరూ తమ తరంలో మేటి పిచర్లేనన్నదాంట్లో అనుమానం లేదు. వెర్లాండర్ 2022లో హ్యూస్టన్ తరఫున ఆడి లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డునూ, లీగ్ విజేతను తేల్చే ఆఖరి పోరు వరల్డ్ సిరీస్‌నూ కూడా గెలుచుకుని వచ్చాడు. అయితే సీజన్ మొదలయ్యేనాటికి షెర్జర్ వయస్సు 38, వెర్లాండర్ వయస్సు 40. గంటకు నూటయాభై కిలోమీటర్ల వేగంతో బంతి విసరవలసిన భుజానికి అది చిన్న వయస్సు కాదు.

ఫలితం వెంటనే కనిపించింది. భుజం వెనుక కండరం నొప్పితో వెర్లాండర్ మొదటి నెలంతా ఆడలేదు. ఏప్రిల్‌లో లాస్ ఏంజెలస్‌లో ఆడుతుండగా షెర్జర్ చేతికి జిగురు పదార్థం అంటుకుని ఉందని అంపైర్లు అతణ్ణి మైదానం నుంచి పంపించివేశారు. చెమటా, బంతి జారకుండా వాడుకోవడానికి నిబంధనలు అనుమతించే రోజిన్ పొడీ కలిసి అలా అయిందని అతడు ఎంత మొత్తుకున్నా పది మ్యాచ్‌ల నిషేధం తప్పలేదు. వెర్లాండర్ జులై నాటికి చక్కగా కుదురుకున్నాడు గాని అప్పటికే సీజన్ చేజారిపోయింది.

అన్నింటికన్నా పెద్ద దెబ్బ సీజన్ మొదలుకాకముందే తగిలింది. ఆఖరి ఇన్నింగ్స్‌లో (బేస్‌బాల్‌లో ఒక ఇన్నింగ్స్ అంటే ప్రత్యర్థి ముగ్గురు అవుటయ్యేదాకా సాగే విడత) దిగి ఆధిక్యాన్ని కాపాడే పిచర్‌ను క్లోజర్ అంటారు. మెట్స్ క్లోజర్ ఎడ్విన్ డియాజ్ 2022లో 62 ఇన్నింగ్స్‌లలో 118 మందిని స్ట్రైక్ అవుట్ చేసినవాడు, అంటే బంతిని సరిగా కొట్టనివ్వకుండానే వెనక్కి పంపినవాడు. అతనితో అయిదేళ్ళకు 10.2 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. మార్చి 15న మయామీలో జరిగిన అంతర్జాతీయ పోటీ వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ మ్యాచ్‌లో తన ప్యూర్టో రికో జట్టును గెలిపించి, సహచరులతో కలిసి మైదానం మధ్యలో గంతులేస్తూ అతడు ఒక్కసారిగా కూలబడ్డాడు. కుడి మోకాలి చిప్ప కింది స్నాయువు తెగింది. చక్రాల కుర్చీలో బయటికి తీసుకువెళ్ళిన అతడు ఆ ఏడాది మెట్స్ తరఫున ఒక్క బంతి కూడా విసరలేదు. దాని పర్యవసానాన్ని జూన్ ఆరంభంలో అట్లాంటాలో చూశారు: వరుసగా మూడు మ్యాచ్‌లలోనూ మెట్స్ మూడు పరుగులో అంతకన్నా ఎక్కువో ఆధిక్యంలో ఉండి, మూడింటినీ చేజార్చుకుంది. అభిమాని గుండె పగలడానికి ఆ మూడు రోజులు చాలు.

అయితే దీనినంతా దురదృష్టం ఖాతాలో వేయడం నాకు సమ్మతం కాదు. అమెరికా మేజర్ లీగ్‌లో ఆటగాడు ఆరేళ్ళ సర్వీసు పూర్తి చేశాక గాని తనకు నచ్చిన జట్టుతో స్వేచ్ఛగా బేరమాడుకోలేడు. అంటే చాలామంది తారలు మార్కెట్‌లోకి వచ్చేసరికే ముప్పై ఏళ్ళకు చేరువవుతారు. అప్పుడిచ్చే ధర నిన్నటి ఆటకు. ఆడవలసింది మాత్రం రేపు. మరోవైపు 2023లో కొత్త కుర్రవాడికి ఇవ్వవలసిన కనీస వేతనం ఏడాదికి 7.2 లక్షల డాలర్లే. లీగ్‌లో అట్టడుగు బడ్జెట్లలో ఒకదానితో బాల్టిమోర్ అదే ఏడాది 101 మ్యాచ్‌లు గెలిచిందంటే అటువంటి కుర్రవాళ్ళను సొంతంగా తయారు చేసుకున్నందువల్లనే. మెట్స్ దగ్గర అప్పటికి ఆ పంట ఇంకా చేతికి రాలేదు. ఫ్రాన్సిస్కో అల్వారెజ్ అనే యువ క్యాచర్ (పిచర్ విసిరిన బంతిని అందుకునేవాడు) 25 హోమ్ రన్లు, అంటే మన సిక్సర్ల వంటివి, కొట్టి ఆశలు నిలిపినా, గాయపడినవాళ్ళ స్థానాలన్నిటినీ భర్తీ చేయగల బలగం కింది స్థాయి జట్లలో లేదు.

ప్రశ్న: ఐపీఎల్‌లో పర్సు దాటి ఎవరూ ఖర్చు చేయలేరు కదా. అక్కడ అటువంటి అదుపు ఏదీ లేదా? – ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: గట్టి పరిమితి లేదు. దాని బదులు పన్ను ఉంది. 2023లో జీతాలు 23.3 కోట్ల డాలర్లు దాటితే పన్ను మొదలయ్యేది; 29.3 కోట్లు దాటితే దాని రేటు బాగా పెరిగేది. ఆ పై మెట్టును ముఖ్యంగా స్టీవ్ కోహెన్‌ను దృష్టిలో పెట్టుకునే పెట్టారని అందరికీ తెలుసు కనుక దానికి ‘కోహెన్ పన్ను’ అన్న పేరే స్థిరపడింది. వరుసగా రెండో ఏడాది పరిమితి దాటిన మెట్స్ ఆ మెట్టుకు పైన పెట్టిన ప్రతి డాలర్‌కూ 90 సెంట్లు అదనంగా కట్టవలసి వచ్చింది. మొత్తం పన్ను సుమారు 10 కోట్ల డాలర్లయింది. కట్టగలిగినవాడికి అది అడ్డుగోడ కాదు, టోల్‌గేటు.

ఐపీఎల్ సంగతి వేరు. 2023 సీజన్‌కు అన్ని జట్లకూ ఒకే పర్సు, 95 కోట్ల రూపాయలు. అందులోంచి మన సన్‌రైజర్స్ 13.25 కోట్లు హ్యారీ బ్రూక్ ఒక్కడికే పెట్టింది. ఈడెన్ గార్డెన్స్‌లో అతడు ఒక శతకం కొట్టిన మాట నిజమేగాని జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది 20.50 కోట్లు పెట్టి ప్యాట్ కమిన్స్‌ను తెచ్చుకుని ఫైనల్‌కు చేరింది. ఇక్కడ తప్పు చేస్తే పర్సు ఖాళీ అవుతుంది కనుక మిగతా స్థానాలు బలహీనపడతాయి. మెట్స్‌కు ఆ ఇబ్బంది లేదు; అందుకే వాళ్ళ వైఫల్యానికి సాకులు తక్కువ.

ప్రశ్న: అలాగైతే బేస్‌బాల్‌లో డబ్బు వృథా అనుకోవాలా? మరి డాడ్జర్స్ ఎలా గెలుస్తోంది? – ఒక విద్యార్థి, తార్నాక

జవాబు: అలా అనుకోకూడదు. 2023లో జీతాలలో మొదటి మూడు స్థానాల్లో ఉన్న మెట్స్, యాంకీస్, శాన్ డియేగో ముగ్గురూ ప్లేఆఫ్స్‌కు చేరని మాట నిజం. కానీ లాస్ ఏంజెలస్ డాడ్జర్స్ భారీగా ఖర్చు పెట్టి 2024లోనూ 2025లోనూ వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ జట్టు ఏళ్ళ తరబడి సొంతంగా తయారు చేసుకున్న ఆటగాళ్ళ మీద ఖరీదైనవాళ్ళను చేర్చింది. మెట్స్ మాత్రం ఖరీదైనవాళ్ళతో మొదలుపెట్టింది.

ఆ సంగతి మెట్స్ కూడా గ్రహించిందనడానికి 2023 జులై చివర, ఆగస్టు మొదట జరిగిన బదిలీలే సాక్ష్యం. వచ్చే ఏడాది కూడా కప్పు కోసం పోటీపడే ఆలోచన యాజమాన్యానికి లేదని తెలుసుకున్న షెర్జర్ బదిలీకి ఒప్పుకుని టెక్సస్‌కు వెళ్ళాడు. వెర్లాండర్ తిరిగి హ్యూస్టన్ చేరాడు. విచిత్రమేమిటంటే, వాళ్ళిద్దరికీ మిగిలిన జీతాలలో చాలా భాగం మెట్సే చెల్లించింది. అలా చెల్లించినందుకు ప్రతిఫలంగా ఆ రెండు జట్ల నుంచి మంచి కుర్రవాళ్ళను పుచ్చుకుంది: టెక్సస్ నుంచి లూయిసాంజెల్ అకూన్యా, హ్యూస్టన్ నుంచి డ్రూ గిల్బర్ట్, ర్యాన్ క్లిఫర్డ్. పిచర్లను కొనడంలో పోయిన డబ్బుకు మరికొంత జోడించి యువకులను కొన్నారన్నమాట. ఆ ఏడాది మొత్తంలో యాజమాన్యం చేసిన తెలివైన ఖర్చు బహుశా ఇదే. ఆ శరత్కాలంలో టెక్సస్ వరల్డ్ సిరీస్ గెలవడంతో షెర్జర్‌కు విజేత ఉంగరం దక్కింది. మెట్స్ మేనేజర్ (క్రికెట్‌లో ప్రధాన కోచ్ వంటివాడు) బక్ షోవాల్టర్‌కు ఉద్యోగం పోయింది.

తరువాతి కథ నిలకడగా సాగలేదు. 2024లో అంచనాలకు మించి ఆడిన జట్టు నేషనల్ లీగ్ ఫైనల్ దాకా వెళ్ళి డాడ్జర్స్ చేతిలో ఓడింది. ఆ డిసెంబరులో హువాన్ సోటోతో 15 ఏళ్ళకు 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఈసారి వయస్సు లెక్క సరిగ్గానే చూసుకున్నారు, సోటోకు అప్పటికి 26 ఏళ్ళే. 2025లో అతడు 43 హోమ్ రన్లు కొట్టి తన వంతు చేశాడు. జూన్ మధ్య వరకు లీగ్‌లో అగ్రస్థానంలో ఉన్న జట్టు ఆ తరువాత పిచర్లు ఒక్కొక్కరే గాయపడి, తేలిపోయి, 83 విజయాలతో ఆగిపోయింది. అన్నే విజయాలు సాధించిన సిన్సినాటికి ముఖాముఖి పోరులో పైచేయి ఉండడంతో చివరి ప్లేఆఫ్ స్థానం ఆ జట్టుకు వెళ్ళింది. హ్యూస్టన్ నుంచి తెచ్చుకున్న గిల్బర్ట్‌ను, ప్లేఆఫ్స్ ఆశతో ఒక అనుభవజ్ఞుడైన పిచర్ కోసం మెట్స్ అంతకు రెండు నెలల ముందే శాన్ ఫ్రాన్సిస్కోకు ఇచ్చేసింది.