బాబాయి రిటైర్మెంట్ మెసేజ్ ఎవరు రాయాలంటే, ఆయన బామ్మర్దే

"మా బాబాయి ఈ నెలాఖరున రిటైరవుతున్నారు, ఫ్యామిలీ గ్రూపులో పెట్టడానికి సరదాగా ఏడిపించే మెసేజ్‌లు చెప్పండి" అని అడిగారు. ముందు ఒక్క మాట: గులాబీల బొమ్మతో వచ్చే "సెకండ్ ఇన్నింగ్స్ శుభాకాంక్షలు" ఫార్వర్డులు పెట్టకండి. అవి ఎవరి బాబాయికైనా సరిపోతాయి కాబట్టి ఎవరికీ నవ్వు రాదు.

మా పెదనాన్న నాంపల్లి వైపు ఒక సర్కారు ఆఫీసులో సూపరింటెండెంట్. 2021 మార్చి 31న రిటైర్ కావాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో హాలు మాట్లాడారు, పెట్టుబడి చీరలు కొన్నారు. ఇంతలో మార్చి 22న, రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచుతున్నామని అసెంబ్లీలో ప్రకటించారు. హాలు క్యాన్సిల్. పెద్దమ్మ తమ్ముడు, అంటే మా మామయ్య, బావగారిని ఆటపట్టించడానికి అప్పటికే ఒక కాగితం రాసుకున్నాడు. అది బీరువాలోకి వెళ్లిపోయింది.

2024 మార్చి 31 ఆదివారం పడింది. ఈసారి వనస్థలిపురంలో ఇంటి మేడ మీదే షామియానా వేశాం. శాలువాలు, ఆఫీసు వాళ్ల ప్రసంగాలు అన్నీ అయ్యాయి. (ఆ ప్రసంగాలు మాత్రం ఎవరైనా తగ్గించాలి. ఒకాయన తన సర్వీసు కథే మొత్తం చెప్పాడు, పెదనాన్న పేరు ఎత్తలేదు.) అప్పుడు మామయ్య లేచి మైకు తీసుకుని, జీవో చదివినట్టు మొదలుపెట్టాడు.

"విషయం: బావగారి బదిలీ. ఈ ఫైలు 2021లోనే సిద్ధమైనప్పటికీ, పై నుంచి ఆదేశాలు మారినందున మూడేళ్లు పెండింగులో ఉన్నది. బావగారు రేపు, అనగా ఏప్రిల్ 1 సోమవారం ఉదయం ఆరు గంటలకు, మా అక్క కార్యాలయంలోని పాలప్యాకెట్ల విభాగమునందు రిపోర్టు చేయవలెను. టీఏ, డీఏలు లేవు. క్యాజువల్ లీవు లేదు. కరివేపాకు మరిచి వచ్చినచో మెమో జారీ చేయబడును. అప్పీలు చేసుకొనదలచినచో అదియును మా అక్కకే చేసుకొనవలెను."

పెదనాన్న నవ్వీ నవ్వీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ఇంట్లోనూ అదే భాష. పిల్లలు ఏం అడిగినా "చూద్దాం, పై నుంచి రావాలి" అనేవారు. ఆ "పై" వంటింట్లో ఉంటుందని మా అందరికీ తెలుసు. అందుకే ఆ మాట రాగానే పెద్దమ్మతో సహా మేడంతా గొల్లుమంది. చివర్లో పెదనాన్న ఆ కాగితం అడిగి తీసుకుని, జేబులోంచి పెన్ను తీసి, కింద "అందినది" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ వాళ్ల హాల్లో ఫ్రేము కట్టి ఉంది. శాలువాలు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

"బామ్మర్ది బతక కోరతాడు" అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఏడిపించే హక్కు మన ఇళ్లలో వాళ్లకే ఉంది. అదే మాట అల్లుడు అంటే గుచ్చుకుంటుంది. ఇంకో చుట్టాల ఇంట్లో అల్లుడు మైకు పట్టుకుని "మామయ్యగారికి ఇక పనేముంది, మనవణ్ణి ఆడించడమే" అన్నాడు. ఆయన భోజనాల దాకా మళ్లీ నోరు విప్పలేదు. నిన్నటిదాకా పదిమంది సంతకం కోసం నిలబడ్డ మనిషిని పట్టుకుని పని లేదనడం ఏం సరదా?

డబ్బు జోకులూ వద్దు. "లక్షలొస్తాయి, పార్టీ ఎప్పుడు" అని అందరూ అనేస్తారు. ఆ లక్షలు చేతికి రావడానికి ఎంత తిరగాలో తిరిగినవాళ్లకే తెలుసు. ప్రైవేటు ఉద్యోగమైతే అసలే అనకూడదు. ఈపీఎస్‌లో, అంటే పీఎఫ్ వాళ్లిచ్చే పెన్షన్ పథకంలో, కనీస పెన్షన్ 2014లో వెయ్యి రూపాయలు చేశారు. వెయ్యితో ఈ హైదరాబాద్‌లో కూరగాయలకైనా నెల గడుస్తుందా? దాని మీద కోపం తెచ్చుకోవాలి గానీ జోకు వేయకూడదు.

మీ పిన్నికి తమ్ముడుంటే ఇప్పుడే ఫోన్ చేయండి. లేకపోతే బాబాయి రోజూ అనే మాట ఏదో పిన్నినే అడగండి, మెసేజ్ అందులోంచే వస్తుంది. ఆయన బ్యాంకులో చేసుంటే "బాబాయ్, పిన్ని పని చెప్పినప్పుడు సర్వర్ డౌన్ అంటే కుదరదు". టీచరైతే "ఇక హాజరు పిలిచేది పిన్ని, ఎస్ మేడం అనాల్సింది మీరు". ఆర్టీసీ కండక్టరైతే "జరగండి జరగండి అని అందర్నీ లోపలికి తోశారుగా, ఇక రైతుబజారులో పిన్ని వెనకాల సంచి పట్టుకుని మీరే జరగాలి".

గ్రూపులో మాత్రం పెట్టకండి. కాగితం మీద రాసి, అందరి ముందూ చదివించి, ఫొటో తర్వాత పెట్టుకోండి. అదీ భోజనాలకు ముందే చదివించండి. బిర్యానీ మూత తీశాక మైకులో ఎవరు మాట్లాడినా ఎవరూ వినరు.