డాక్టర్ హూ సినిమాలు టీవీ కథలో భాగమేనా?

కావు. 1963లో బీబీసీ మొదలుపెట్టిన ‘డాక్టర్ హూ’ టీవీ ధారావాహికలో కథానాయకుడైన డాక్టర్ వేరే గ్రహవాసి. 1965, 1966లలో వచ్చిన రెండు సినిమాల్లో పీటర్ కుషింగ్ పోషించిన పాత్ర మాత్రం అచ్చమైన మనిషి. ఇంటిపేరే హూ, కాలయంత్రాన్ని సొంతంగా తయారుచేసుకున్న తాతయ్య. కథలు టీవీలో వచ్చినవే, కానీ పాత్ర మూలమే మారిపోయింది. అందుకే అసలు వరుసలో వీటిని లెక్కించరు.

అయినా తప్పక చూడండి. చెన్నై మాంబళంలోని మా ఇంట్లో మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. మొదటి సినిమా ఆరంభంలోనే ఆ తాతయ్య మనవరాలు చిన్నారి సూజన్ లావుపాటి భౌతికశాస్త్ర గ్రంథం చదువుతుంటుంది, తాత బొమ్మల కథల పత్రికలో మునిగి ఉంటాడు! మా పాప పకపకా నవ్వింది. టీవీ ధారావాహికకు 1970లో గానీ రంగులు రాలేదు. ఈ సినిమాల్లో ఎర్ర, నీలి డాలెక్‌లు (లోహపు కవచాల్లో ఉండే శత్రుజీవులు) కన్నుల పండుగ.