ఓటీటీల్లో ఎంత చూసినా ఏమీ గుర్తుండట్లేదు. మనసుకి పట్టేవి ఎక్కడ దొరుకుతాయి?

వీకెండ్ అంతా ఏం చూడాలో వెతకడంతోనే సరిపోతోంది, చూసింది సోమవారానికి గుర్తుండట్లేదు, మాస్ సినిమాలు మానెయ్యాలా అని అడిగారు కదా. మానక్కర్లేదండీ. పెద్ద హీరో సినిమా వస్తే నేను ఇప్పటికీ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కే పోతాను. కాగితాలు ఎగరేసేవాళ్ళ మధ్య కూర్చోకపోతే ఆ టికెట్ దండగ.

మీ పరిస్థితి నాకు మూడేళ్ళ కింద వచ్చింది. చచ్చేలోపు చూడాల్సిన సినిమాలని ఒక లిస్టు పెట్టుకుని, పరీక్షకి చదివినట్టు కూర్చున్నాను. సబ్‌టైటిల్స్ చదువుతూ నాలుగో సినిమాకే సోఫాలో గురక. గొప్పవే అయ్యుంటాయి. ఆఫీసు నుంచి మియాపూర్ చేరేసరికి తొమ్మిదయ్యే మనిషికి ఎక్కలేదు, అంతే.

దారి మార్చింది మా అమ్మమ్మ. ఆమెది జనగామ వైపు. కంటి ఆపరేషన్‌కి వచ్చి మా ఇంట్లో రెండు నెలలుంది. కళ్ళు బాగయ్యాక ఒక రాత్రి బి.నర్సింగరావు తీసిన 'దాసి' (1988) పెట్టాను. పెళ్ళికూతురితో పాటు అరణంగా, అంటే పుట్టింటి కానుకగా, గడీకి (దొర కోటలాంటి ఇంటికి) వచ్చిన కమలాక్షి కథ. అర్చనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది ఈ సినిమాకే. మొదటి ఇరవై నిమిషాలు నాకు చిరాకు. మాటలు తక్కువ. ఇక్కడ ఏడవండి అని చెప్పే మ్యూజిక్ లేదు. ఫోన్ అందుకోబోతుంటే అమ్మమ్మ అంది, "మా అమ్మ గడీ ముంగట నుంచి పోవాల్నంటే చెప్పులు చేతుల పట్టుకొని పోయేదట బిడ్డా." అని మళ్ళీ టీవీ వైపు తిరిగింది.

సినిమా అయ్యేదాకా ఫోన్ ముట్టలేదు. అయ్యాక రాత్రి రెండింటి వరకూ వెట్టి గురించి, దొరల ఇళ్ళల్లో దాసీలుగా బతికిన ఆడబాపల గురించి వాళ్ళమ్మ దగ్గర విన్నవన్నీ చెబుతూనే ఉంది. ముప్పై నాలుగేళ్ళుగా ఆమె మనవణ్ణి, అందులో ఒక్క ముక్క నాకు తెలీదు.

నేను చూసే సిరీస్‌లు ఎందుకు గుర్తుండట్లేదో అప్పుడు కాస్త అర్థమైంది. భయపడాల్సిన చోట దడదడ మ్యూజిక్, ఏడవాల్సిన చోట వయొలిన్, ఎక్కడ మర్చిపోతామోనని పాత సీన్లు మళ్ళీ. చూసేవాడికి పనేమీ మిగల్చరు. ఇప్పుడు నాకంటూ కాస్త పని మిగిల్చేవి వెతుక్కుంటున్నాను.

అంటే అన్నీ బరువైనవే ఉండాలని కాదు. రవీంద్రభారతిలో సురభి వాళ్ళ 'మాయాబజార్' నాటకానికి మా ఆరేళ్ళ పాపని తీసుకెళ్ళాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన నాటక కుటుంబాలవి. చాలామంది ఇప్పుడు మన శేరిలింగంపల్లిలోనే ఉంటారు. పాత్రలు గాల్లోకి లేవగానే "నాన్నా, తాడు కనిపిస్తోంది!" అని అరిచింది. ముందు వరస మొత్తం నవ్వింది. తాడు కనిపిస్తూనే ఉంది, ఇది నోరు తెరుచుకుని చూస్తూనే ఉంది. కోట్ల గ్రాఫిక్స్‌కి దాని మొహం అలా వెలగడం నేను చూడలేదు.

బంజారా హిల్స్‌లో లామకాన్ 2010 నుంచి ఉంది. నాటకాలు, డాక్యుమెంటరీలు, చర్చలు జరుగుతుంటాయి. తెలుగులో తక్కువ, అదొక్కటే నా కంప్లైంట్. కానీ అయిపోగానే ఎవరూ పార్కింగ్‌కి పరిగెత్తరు. చాయ్ పట్టుకుని వాదించుకుంటారు.

అన్నట్టు, వీలైతే ఒంటరిగా చూడకండి. 'బలగం' (2023) నేనొక్కణ్ణే చూసుంటే ఏడ్చి పడుకునేవాణ్ణి. నాన్నతో చూశాను కాబట్టి, పిండం కాకి ముట్టకపోవడం గురించి వారం రోజులు గొడవపడ్డాం. మా తాతకి కాకి ఎన్నో రోజున ముట్టిందో అప్పుడే తెలిసింది.

'దాసి' మొదలుపెడితే మొదటి అరగంట ఫోన్ పక్క గదిలో పెట్టండి. అప్పటికీ పట్టకపోతే ఆపేయండి. మొహమాటానికి పూర్తి చేసిన సినిమాల్లో ఒక్కటీ నాకు గుర్తులేదు.